జనరల్ గారి కడచూపు

ఫొటోలో ఆయన మొహం చాలా స్పష్టంగా పడింది. నాకు ఒళ్ళు మండింది అందుకే.

మొన్న డ్రిల్లింగ్ క్యాంపు నుంచి ఓ రష్యన్ ఇంజనీరు మా ఇంటికొచ్చాడు. సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళి తిరిగొచ్చాడట. ఓ చాక్లెట్ డబ్బా, దాంతోపాటు ఈ ఫొటో చేతిలో పెట్టి, "మీ జనరల్ పోయాడు. ఆయన కూతురు మీకిమ్మంది" అన్నాడు. పోస్టుకార్డంత ఫొటో. మధ్యలో శవపేటిక, మూత లేదు. అందులో జనరల్ గారు యూనిఫాంలో పడుకుని ఉన్నారు. గడ్డం నున్నగా గీశారు. తెల్లటి జుట్టు వెనక్కి దువ్వారు. ముందు వరసలో సైనికులు చిన్న చిన్న ఎర్ర దిండ్లు పట్టుకుని నించున్నారు, దిండుకో పతకం. చుట్టూ ఉన్న జనం టోపీలు తీసి ఆయన మొహంలోకే చూస్తున్నారు. ఓ ముసలావిడ వంగి నుదుటి మీద ముద్దు పెడుతోంది.

పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని మా పాస్టరుగారు చెబుతూనే ఉంటారు. నాకు చేతకాదు. కాఫీ చల్లారిపోతోందని మా ఆవిడ కేకేస్తున్నా పలక్కుండా, ఆ ఫొటో చూస్తూ పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. అక్కడ నల్లరాతి మీద బంగారు అక్షరాలతో చెక్కించే ఉంటారు, మధ్యలో నా చేతిరాత దేనికి? జనరల్ గారు అంటే చాలు. మామిడికుదురు నుంచి అమలాపురం దాకా అందరూ అలాగే అనేవారు.

నేను ఆయనకి దుబాసీని. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నన్ను ఇంగ్లీషు ఎం.ఏ. చదివించాలని ఆయన ముచ్చటపడితే, నేను హైదరాబాదు పోయి రష్యన్ నేర్చుకుని వచ్చాను. డెబ్బైల్లో చాలామంది కుర్రాళ్ళకి తగిలిన జ్వరమే నాకూ తగిలింది. "ఆ భాష ఎవరితో మాట్లాడతావురా, కాలవలో చేపల్తోనా?" అని అమలాపురంలో స్నేహితులు ఏడిపించేవారు. ఎనభైల్లో మావైపు గ్యాస్ కోసం తవ్వకాలు మొదలై రష్యన్లు దిగేసరికి వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. నేను జీపెక్కాను.

జీపులో ముందు సీటు జనరల్ గారిది. సైన్యంలో రిటైరయ్యాక కాంట్రాక్టు మీద వచ్చారు. ఆయన పని బరువైన యంత్రాల్ని వంతెనలు దాటించడం. కోనసీమలో ఎటు కదిలినా కాలవే, కాలవ మీద ఓ ముసలి వంతెనే. ఆ వంతెనలు కట్టినవాళ్ళు కొబ్బరికాయల బళ్ళని తలుచుకుని కట్టారు గానీ ఈ ఇనప ఏనుగుల్ని తలుచుకుని కాదు కదా. అంచేత వంతెన కనబడగానే జీపు ఆపించేవారు. దిగి, చొక్కా అంచు కిందికి లాగి, నిటారుగా మధ్యదాకా నడిచేవారు. కుడికాలు ఎత్తి మడమతో దభీమని ఒక్కటి వేసేవారు. తల ఓ పక్కకి వంచి కాసేపు వినేవారు. పిట్టగోడని వేలి కణుపుల్తో టకటకా కొట్టేవారు. అప్పుడు ఒకే మాట అనేవారు. తెలుగులో చెబితే, "తట్టుకుంటుంది."

ఆయన వింటున్నంతసేపూ కొబ్బరిగెలల సైకిళ్ళవాళ్ళు, బడికి పోయే టీచరమ్మలు, అందరూ అటూ ఇటూ ఆగిపోయేవారు. రోడ్డు వాళ్ళది, వంతెన వాళ్ళది. అయినా సరే, "ఎళ్ళచ్చాండీ?" అని ఆయన్ని అడిగేవారు. ఆయన దర్జాగా తలూపి "ఆయ్" అనేవారు.

ఆయనకి వచ్చిన తెలుగు ఆ ఒక్క ముక్కే. వచ్చిన కొత్తలో, ఎవరికి ఏం చెప్పినా ఆయ్ అంటున్నారేమిటని నన్నడిగారు. నేను ఉత్సాహంగా పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆయ్ అంటే అవునండీ. చిత్తం అని కూడా. మీరు చెప్పింది విన్నానని కూడా. ఒక్కోసారి మీతో వాదించే ఓపిక లేదు, మీరు పెద్దవాళ్ళు, కానివ్వండి అని కూడా. ఆయన మొదటి రెండే విన్నారు. "ఇంత పొట్టి మాట మా సైన్యంలో లేదు, కామ్రేడ్ దుబాసీ. ఇలాంటి జనం దొరికితే నేను రెండేళ్ళు ముందే జనరల్ అయ్యేవాణ్ణి" అని పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి ఆయనంటే నాకు ఇష్టమే మరి.

ఇష్టపడదగ్గ మనిషే. అది దాస్తే అబద్ధమవుతుంది. బట్టలు తనే ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునేవారు. బొండాం కొట్టడం నేర్చుకుని, పైపీచు చెలగడానికి ఎవర్నీ కత్తి పట్టుకోనిచ్చేవారు కాదు. చెప్పుల్లో మేజోళ్ళు వేసుకుని తిరిగేవారు. క్యాంపులో వంట చేసే సువార్తమ్మగారు పొద్దున్నే టీ తెస్తే, లేచి నిలబడి మడమలు కలిపి సెల్యూట్ కొట్టేవారు. ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని, "ఆయ్, కూకోండి బాబూ, చల్లారిపోద్ది" అనేది. ఆవిడది మా సంఘమే, నాకు వరసకి పిన్ని. ఒక్కడే కొడుకు, దానియేలు. కువైట్‌లో ఇళ్ళు కట్టే పనిలో ఉండేవాడు. వాడు పంపిన క్యాసెట్ రికార్డర్ వంటింట్లో గుడ్డ కప్పి పెట్టుకుంది. జనరల్ గారు వంటింటి గుమ్మంలో నించుని, "కొడుకు బాగున్నాడా?" అని రష్యన్‌లో అడిగితే, నేను చెప్పకుండానే అర్థమైనట్టు "బాగున్నాడండి, దేవుని దయ" అనేది.

మే నెలలో వాళ్ళ విజయ దినం వస్తుంది. రోహిణి కార్తె ముందరి ఎండలో, మనం బనీను కూడా భరించలేనప్పుడు, జనరల్ గారు ట్రంకుపెట్టెలోంచి ఉన్ని యూనిఫాం తీసి వేసుకున్నారు. గుండె నిండా పతకాలు. క్యాంపు ముందు మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి, యుద్ధంలో పోయినవాళ్ళ కోసం మౌనం పాటింపజేశారు. చెమట కణతల మీంచి కారుతున్నా చెయ్యెత్తి తుడుచుకోలేదు. తరవాత భోజనాల దగ్గర, నేనడిగితే, ఒక్కో పతకం మీద వేలు పెట్టి తన కథ చెప్పారు.

రైతు కొడుకు. మీసం మొలవకముందే యుద్ధానికి పోయాడు. ట్యాంకుల కంటే ముందుపోయి నదుల మీద వంతెనలు వేసే దళంలో పడ్డాడు. ఫలానా నది మీద మంచుగడ్డల మధ్య నడుంలోతు నీళ్ళలో నిలబడి దుంగలు కట్టాడు, లెఫ్టినెంట్ అయ్యాడు. ఇంకో నది, కెప్టెన్. యుద్ధం అయ్యాక ఇంకేవో నదులు, మేజరు, కల్నలు. ఆయన ఉద్యోగంలో పైకెక్కిన ప్రతి మెట్టుకీ ఓ వంతెన ఉంది. వింటున్న మేం అన్నం తినడం మర్చిపోయాం, అంత బాగా చెప్పారు. చివరున్న పతకం ఒక్కటి కొత్తగా మెరుస్తోంది.

"ఇది ఏ నది?" అన్నాను.

"నది కాదు. ఇది ఆఖరి ఉద్యోగానికి" అన్నారు.

ఆఖరి ఉద్యోగం ఏమిటో చాలా రోజుల తరవాత జీపులో చెప్పారు, అదీ నేను అడక్కుండానే. ఆఫ్ఘనిస్తాన్లో పోయిన కుర్రాళ్ళు విమానాల్లో పెట్టెల్లో వచ్చేవారట. రేకు పెట్టె, చుట్టూ టంకం వేసి అతికించి, దానిపైన చెక్క పెట్టె. ఆయన పరిధిలో ఉన్న ఊళ్ళకి వాటిని చేర్పించడం ఆయన బాధ్యత. పెట్టె వెంట ఓ అధికారి వెళ్ళాలి, పూడ్చేదాకా ఉండాలి, తెరవనివ్వకూడదు. "తెరిస్తే ఏడుపులు, ఏడుపుల తరవాత ప్రశ్నలు" అన్నారు. "నా హయాంలో ఒక్క పెట్టె కూడా తెరవలేదు." అదేదో పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చినట్టు చెప్పారు. నేను కిటికీలోంచి వరిచేల వైపు చూస్తూ కూర్చున్నాను. ఈలోగా వంతెన వచ్చింది. ఆయన దిగారు, మడమతో కొట్టారు, విన్నారు. తట్టుకుంటుందన్నారు.

ఆ ఏడాది వానాకాలంలో దానియేలు కట్టే మేడ మీంచి జారి పడి పోయాడు. కబురొచ్చాక చాన్నాళ్ళకి గానీ పెట్టె రాలేదు.

మా పేటలో ఓ పద్ధతి ఉంది. శవాన్ని పెట్టెలో పడుకోబెట్టాక, కన్నతల్లో, తల్లి వరసావిడో వచ్చి తడిగుడ్డతో మొహం తుడుస్తుంది. కొబ్బరినూనె రాసి తల దువ్వుతుంది. చిన్నప్పుడు బడికి తయారు చేసినట్టే పాపిడి తీస్తుంది. అదయ్యాకే అందరూ వరసగా వచ్చి కడచూపు చూస్తారు, మూత వేస్తారు, పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడతారు. ఎంత లేనివాళ్ళయినా, తుఫాను రోజైనా, తల దువ్వకుండా మావాళ్ళు ఎవర్నీ మట్టిలో పెట్టలేదు.

జనరల్ గారూ నేనూ జీపులో వెళ్ళేసరికి సువార్తమ్మగారింటి ముందు తాటాకు పందిట్లో పెట్టె దించి ఉంది. ఆవిడ దాని పక్కనే నేలమీద కూర్చుంది. ఒడిలో నూనెగిన్నె, దువ్వెన. ఆవిడ తమ్ముడు అబ్రహాం, తాపీమేస్త్రీ, సుత్తీ ఉలీ పట్టుకుని పెట్టె మీదికి వంగాడు. దానియేల్ని గల్ఫ్ పంపించిన ఏజెంటు అడ్డం నిలబడ్డాడు, చంకలో సంచీ, కళ్ళకి నల్లద్దాలు.

"తెరవకూడదండి. రూల్సొప్పుకోవండి. రేపు ఏదైనా కేసైతే నామీదికొస్తదండి."

"మావోడి మొకం మేం చూసుకోడానికి నీ రూల్సేంటండీ?" అంటున్నాడు అబ్రహాం. అంత కోపంలోనూ అండీ పోలేదు చూడండి, అదీ మా ఊరు.

అప్పుడు జనరల్ గారు జీపు దిగారు. గౌరవం చూపించాలని యూనిఫాం వేసుకొచ్చారు. పతకాలతో సహా. అరుస్తున్నవాళ్ళు కూడా గొంతు తగ్గించారు, కూర్చున్న ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో కుర్చీ తెచ్చి తువ్వాలుతో తుడిచారు. ఏజెంటు నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. వాడి బుర్ర పాదరసం.

"ఇదిగో, మిలిటరీలో ఇంత పెద్దాఫీసరు గారు వచ్చేరు కదండీ. ఇలాంటివి ఎన్నో చూసుంటారు. ఆయన్నే అడగండి. ఆయన తెరవమంటే తెరుద్దాం, ఆయ్, నాకేటండీ?" అన్నాడు.

పాస్టరుగారు కూడా అదే సబబన్నారు. సువార్తమ్మగారు తలెత్తి, "మీరేటంటారండీ బాబూ?" అని జనరల్ గారినే అడిగింది. తన కొడుకు పెట్టె తెరవడానికి వేరే దేశపు మనిషి అనుమతి అడిగింది. అదీ మా మర్యాద. ఆ మర్యాదని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపిస్తుంది.

నేను ఆ ప్రశ్న ఆయనకి చెప్పాను. ఆయన పెట్టె దగ్గరికి నడిచారు. అంచు చుట్టూ అరచెయ్యి పోనిచ్చి చూశారు. వేలి కణుపుల్తో టకటకా కొట్టారు. తల ఓ పక్కకి వంచి విన్నారు.

"తెరవొద్దు" అన్నారు.

"ఎందుకు?" అన్నాను, రష్యన్‌లోనే.

"లోపల ఏముంటుందో నాకు తెలుసు."

"అయితే అదే ఆవిడకి చెప్పండి. ఎలా ఉంటాడో చెప్పండి, విన్నాక ఆవిడే తేల్చుకుంటుంది. తల దువ్వాలండీ, అది మా పద్ధతి."

"అక్కర్లేదు. నేను చాలామంది తల్లుల్ని చూశాను. తట్టుకుంటుంది."

అదే మాట. మడమతో కొట్టి, విని, గోడ తట్టి అనే మాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మావాళ్ళ వైపు తిరిగి తెలుగులో గట్టిగానే చెప్పాను: "తెరవొద్దంటున్నారు. అది ఆయన మాట పిన్నిగారూ. ఆయన కొడుకు కాదు. మీ బిడ్డ, మీ ఇష్టం. అబ్రహాం మావయ్య ఇక్కడే ఉన్నాడు, ఉలి ఉంది. మీరు ఊఁ అంటే చాలు."

సువార్తమ్మగారు నా వైపు చూడలేదు. ఆ పతకాల వైపు చూసింది, నిటారుగా నించున్న ఆ మనిషి వైపు చూసింది. రోజూ తన చేతి టీ తాగి సెల్యూట్ కొట్టే మనిషి. ఇంటికొచ్చిన పెద్దాయన. పెదాలు కదిలాయి.

"ఆయ్" అంది.

అబ్రహాం ఉలి కింద పెట్టేశాడు. జనరల్ గారు అర్థమైనట్టు తలూపారు. ఆయనకి వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట అది, దానికి దుబాసీ అక్కర్లేదు.

అంతటితో అయిపోయినా బాగుండేది. పాస్టరుగారు బైబిలు తెరవబోతుంటే సువార్తమ్మగారు చెయ్యి అడ్డం పెట్టింది. గిన్నెలోంచి నూనె అరచేతిలో పోసుకుంది. పెట్టె మీదికి వంగి, ఆగిపోయింది.

"తలెటుందండీ బాబూ?" అంది.

ఎవరికీ తెలీదు. నలుపక్కలా ఒకేలా ఉన్న పెట్టె. పాస్టరుగారు ఏజెంటు వైపు చూశారు. వాడు ఓ చివర చూపించి, మళ్ళీ రెండో చివర చూపించాడు. నేను జనరల్ గారికి ఆ ప్రశ్న చెప్పాను, కావాలనే, ఒక్క అక్షరం తగ్గించకుండా: తల ఎటువైపు ఉందని అడుగుతోంది. అన్ని పెట్టెలు పంపించిన మనిషి. ఆయన చొక్కా అంచు కిందికి లాక్కున్నారు. ఆవిడ చెక్క మీద ఈ చివరా నూనె రాసింది, ఆ చివరా రాసింది. రెండుచోట్లా దువ్వెన్ని అలా నెమ్మదిగా ఆనించి తీసింది.

తిరుగుదారిలో నేను జీపులో అరిచాను. ఉద్యోగం పోతుందన్న భయం కూడా లేకుండా అరిచాను. నదుల మీద వంతెనలు కట్టిన మనిషివి, నీకిదేం పోయేకాలం అన్నాను. దానికి రష్యన్‌లో సరైన మాట దొరక్క తెలుగులోనే అన్నాను. మీ దేశంలో ఎంతమంది తల్లులకి ఈ పని చేశారో ఆ పతకం చెబుతుందా అన్నాను. ఆయన ముందుకే చూస్తూ విన్నారు. డ్రైవరు బిక్కచచ్చిపోయాడు. చివరికి, "నువ్వు సైన్యంలో పనికిరావు" అన్నారు, కోపం లేకుండా. "ఆయ్" అన్నాను. వంతెన దగ్గర అలవాటుగా జీపు ఆగింది. ఆయన దిగలేదు. డ్రైవరు కాసేపు చూసి పోనిచ్చాడు. ఇది ఆయన పశ్చాత్తాపం అని కథలు రాసేవాళ్ళు రాసుకోవచ్చు. మర్నాడు మళ్ళీ దిగి మడమతో కొట్టారు.

కాంట్రాక్టు అయిపోయి ఆయన వెళ్ళిపోయేటప్పుడు సువార్తమ్మగారు కొబ్బరి లౌజు చేసి డబ్బాకెత్తి ఇచ్చింది. ఆయన సెల్యూట్ కొట్టారు. నాకు ఆ డబ్బా లాక్కుని కాలవలో పారేయాలనిపించింది.

దానియేలు సమాధికి రెండు సిలువలున్నాయి, ఆ చివరొకటి, ఈ చివరొకటి. కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దర్ని పెట్టారనుకుంటారు. ఏటా సమాధుల పండగకి మేమందరం మా మా వాళ్ళ సమాధులకి సున్నాలు వేసుకుని, తల దగ్గర కొవ్వొత్తులు వెలిగించుకుంటాం. సువార్తమ్మగారు రెండువైపులా వెలిగిస్తుంది. కొవ్వొత్తులు మిగిలితే ఎవరూ లేనివాళ్ళ సమాధుల మీద పెడుతుంది. పక్కూరి వాళ్ళవైనా, తాగి పడిపోయినవాడిదైనా, ఎవరికీ కాదనదు. నేను కనబడితే మాత్రం గొంతు తగ్గించి, "లోపలున్నది మావోడేనంటారా అండీ?" అని అడుగుతుంది. నేను అవునంటాను. ఏటా అడుగుతుంది.

ఈ ఏడు పండగ ముందే ఫొటో వచ్చింది. దాంతో ఓ కోరిక కూడా వచ్చింది. జనరల్ గారు ఇంటిదగ్గర ఎప్పుడూ మా ఊరి వంటావిడ గురించే చెప్పేవారట. అంత మంచి మనిషిని చూడలేదని, దేనికీ కాదనదని. ఆవిడ చేత ఆయన పేరున ఓ కొవ్వొత్తి వెలిగింపజేయమని కూతురు అడిగింది. ఇంజనీరు ఈ ముక్క చెప్పి, ఆవిడ మాటేదో తెలుసుకుంటే తాను రాస్తానన్నాడు. చించి పారేద్దామనుకున్నాను. కానీ అటు మాట ఇటు చెప్పడమే నా వృత్తి.

శ్మశానంలో ఆవిడ సున్నం వేస్తోంది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఫొటో అందుకుంది.

"జనరల్ గారేనాండీ? అయ్యో, చిక్కిపోయేరు."

"పోయారు పిన్నిగారూ."

"మూత తీసుందేంటండీ?"

"వాళ్ళ ఆచారం అంతే. అందరూ మొహం చూశాకే మూత వేస్తారు."

ఆవిడ ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఆళ్ళ దేశంలో తెరవరేమో, అంచేత వద్దన్నారేమో అనుకున్నానండి ఇన్నాళ్ళూను. ఎవరి పద్ధతి ఆళ్ళది కదండీ. పెద్దాయన, కాదంటే నొచ్చుకుంటారని..." వేలితో ఫొటోలో ఆ తెల్లజుట్టు మీద రాసింది. "తల కూడా దువ్వేరండి. చక్కగా."

చెప్పాల్సింది చెప్పాను. ఆయన కూతురు ఓ కొవ్వొత్తి వెలిగించమని అడిగిందన్నాను. పక్కన గట్టుమీద కొవ్వొత్తుల పొట్లం ఉంది. అందులో మిగులు ఉన్నాయి, నాకు కనబడుతూనే ఉన్నాయి.

సువార్తమ్మగారు ఫొటో బోర్లా తిప్పి నా చేతిలో పెట్టింది. కుంచె తీసుకుని సున్నంలో ముంచింది.

"వద్దండి" అంది.

ఆ సాయంత్రం క్యాంపుకి వెళ్ళి ఇంజనీరుకి ఆ మాట తర్జుమా చేసి చెప్పాను. "అంతేనా?" అన్నాడు.

"ఆయ్" అన్నాను.